హారీ హాప్కిన్సు: పని కల్పించుట రాజధర్మమని చూపినవాడు

దృఢకాయుడై, పనిచేయు నిచ్ఛ గలిగి, పని యడుగుచు వాకిలి వాకిలి తిరుగుచున్న మనుష్యునకు పని దొరకకపోయినచో ఆ దోష మెవ్వరిది? అతనిదే యని చెప్పువారు ప్రతి దేశమునను, ప్రతి కాలమునను గలరు. అతనిని సోమరి యనుట సులభము. ఆ మాటవలన ఖజానాకు వ్యయము లేదు, ధనికులకు బాధ్యత లేదు. గ్రామమున నొక్కడు పనిలేక కూర్చుండినచో వానిని సోమరి యనవచ్చునేమో గాని, దేశమున నలుగురు శ్రామికులలో నొకడు పనిలేక యుండినప్పుడు ఆ మాట చెల్లదు. అప్పుడు విచారింపవలసినది ఆ మనుష్యుని గుణము గాదు, ఆ దేశపు టేర్పాటు. ఈ సత్యమును గ్రంథములలో వ్రాసినవారు పెక్కుమంది గలరు. అధికారపీఠమున గూర్చుండి, కొలది వారములలో 40 లక్షల మందికి పని చూపి, దానిని కార్యరూపమున నిరూపించినవాడు అమెరికా దేశస్థుడైన హారీ హాప్కిన్సు.

ఈయన పేరు మన పాఠకులలో పలువురు రెండవ ప్రపంచయుద్ధ చరిత్రలో చదివియుందురు. అధ్యక్షుడు రూజ్వెల్టునకు ఆంతరంగికుడై, చర్చిలు నొద్దకును స్టాలిను నొద్దకును రాయబారిగా వెళ్లినవాడని చరిత్రకారు లాయనను స్మరింతురు. ఆ కీర్తి యాయనకు తగినదే. అయినను యుద్ధమునకు పూర్వ మాయన చేసిన పని దానికన్న గొప్పదని మా యభిప్రాయము. గ్రామములలో కూలిపనుల చట్టములను గుఱించియు, పట్టణములలో చదువుకొన్న నిరుద్యోగులను గుఱించియు నెడతెగని వాదములు జరుగుచున్న మన దేశమున నా కథ తెలిసికొనుట లాభకరమని తలచి, దాని నిచట వ్రాయుచున్నాము.

హాప్కిన్సు 1890 ఆగస్టు 17 వ తేదీన అయోవా రాష్ట్రమందలి సూ సిటీ పట్టణమున జన్మించెను. తండ్రి గుఱ్ఱములకు కావలసిన జీనులు, పట్టెడలు మొదలగు తోలు సామాను చేసి యమ్మువాడు. వ్యాపారమున నిలుకడ లేక యాయన ఊరినుండి యూరికి మాఱుచు వచ్చెను. తల్లి పెండ్లికి పూర్వము బడిలో పాఠములు చెప్పినది. మెథడిస్టు శాఖయందు దృఢభక్తి గలది. కుటుంబము తుదకు గ్రిన్నెలు అను చిన్న పట్టణమున స్థిరపడెను. అచటి కళాశాల చిన్నదే గాని, దైవభక్తిని సంఘసేవనుండి వేఱుచేయరాదను బోధకు పేరుపడినది. హాప్కిన్సు 1912లో నచట పట్టభద్రుడయ్యెను. తండ్రివలన లోకజ్ఞానమును, తల్లివలన ధర్మాభినివేశమును ఆయనకు సంక్రమించినవని చెప్పుట కల్పన గాదు. తరువాతి కాలమున నాయన గుఱ్ఱపు పందెములకు పోవుటయు, బీదలకొఱకు రాత్రింబవళ్లు శ్రమించుటయు లోకము చూచినది.

పట్టము పుచ్చుకొన్న సంవత్సరముననే యాయన న్యూయార్కు నగరమునకు వెళ్లి, యూరపునుండి వలసవచ్చిన బీదలు క్రిక్కిఱిసి యుండు తూర్పు పేటలలో క్రిస్టొడోరా హౌసు అను సేవాసదనమున బాలురకు శిక్షకుడుగా చేరెను. చీకటి గదులు, క్షయరోగము, వారమునకు నాలుగు దినములు పని దొరికిన చాలుననుకొను తండ్రులు, తల్లులతోబాటు కుట్టుపని చేయు పసిపిల్లలు—ఇవి యన్నియు పల్లెటూరి నుండి వచ్చిన యా యువకునకు క్రొత్త. ఆ సదనముననే పనిచేయుచుండిన ఎథెల్ గ్రాసు అను హంగరీ దేశపు యూదు వనితను 1913లో వివాహమాడెను. పిదప బీదల స్థితిని చక్కబఱచుటకై యేర్పడిన యొక పెద్ద సంఘమున నుద్యోగియై, యింటింటికి తిరిగి కుటుంబముల స్థితిగతులను విచారించు పని చేసెను.

1914 నాటి శీతకాలమున న్యూయార్కులో నిరుద్యోగము ప్రబలెను. ధర్మసంఘములు రొట్టెయు, బొగ్గును పంచుచుండగా, హాప్కిన్సు పనిచేయుచున్న సంఘము బ్రాంక్సు ఉద్యానవనమున పనిలేనివారిచే పనులు చేయించి కూలి యిచ్చు నేర్పాటు చేసెను. దానిని నడిపిన వారిలో హాప్కిన్సు ముఖ్యుడు. బిచ్చముగా పుచ్చుకొన్న రొట్టెతో నింటికి వెళ్లు తండ్రికిని, కూలి డబ్బుతో నింటికి వెళ్లు తండ్రికిని గల భేద మాయన యచట కన్నులార చూచెను. దానిని జన్మాంతమువఱకు మఱవలేదు.

తరువాతి పదునైదేండ్ల చరిత్రను త్వరగా చెప్పి ముగింతుము. 1915లో నాయన న్యూయార్కు నగరమున, దిక్కులేని తల్లులకు పిల్లల పోషణార్థము భృతి యిచ్చు శాఖకు కార్యదర్శి యయ్యెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున రెడ్ క్రాసు సంఘమున చేరి దక్షిణ రాష్ట్రములలో పనిచేసెను. 1924లో న్యూయార్కు క్షయనివారణ సంఘమునకు ప్రధాన నిర్వాహకుడయ్యెను. ధనమును గట్టిగా పట్టి యుంచుటకన్న అవసరమున్నచోట వెంటనే వ్యయము చేయుటయే యాయన స్వభావమని యాయనతో పనిచేసినవారు చెప్పుకొనుచుండిరి. ఈ గుణమే రాబోవు దినములలో నాయన బలమైనది.

1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల బజారు కుప్పగూలెను. ఫ్యాక్టరీలు మూతబడెను, వేలకొలది బ్యాంకులు దివాలా తీసెను. ధాన్యమునకు ధరలేక రైతు, పనిలేక కూలివాడు నొక్కసారిగా చెడిరి. 1933 నాటికి ఆ దేశమున కోటి 25 లక్షల మందికి పైగా నిరుద్యోగులైరి. నాటి యధ్యక్షుడు హూవరు దయలేనివాడు గాడు. మొదటి యుద్ధకాలమున బెల్జియము ప్రజల ఆకలి తీర్చి పేరు పొందినవాడే. కాని కేంద్ర ప్రభుత్వము నేరుగా బీదలకు సాయము చేసినచో ప్రజల స్వయంపోషణ గుణము నశించునని యాయన విశ్వసించెను. ఆ భారము ధర్మసంఘములును, పురపాలక సంఘములును మోయవలెనని పట్టుపట్టెను. ధర్మసంఘముల నిధులు కరగిపోయినవి. పురపాలక సంఘములు పన్ను వసూలు గాక తమ ఉపాధ్యాయులకే జీతము లీయలేకపోయినవి.

అప్పుడు న్యూయార్కు రాష్ట్రమునకు గవర్నరుగా నుండిన రూజ్వెల్టు 1931లో శాసనసభను ప్రత్యేకముగా సమావేశపఱచి, నిరుద్యోగుల సాయమునకై 2 కోట్ల డాలర్లతో నొక తాత్కాలిక సంస్థను స్థాపించెను. దానికి కార్యనిర్వాహకుడుగా హాప్కిన్సును తెచ్చిరి. మఱుసటి సంవత్సర మాయనయే యధ్యక్షుడయ్యెను. రూజ్వెల్టు ధనవంతుల బిడ్డ. హాప్కిన్సు తోలు పనివాని కొడుకు. ఒకరియందొకరికి కుదిరిన విశ్వాసము మరణపర్యంతము చెడలేదు.

1933 మార్చిలో రూజ్వెల్టు దేశాధ్యక్షుడయ్యెను. మే 12 వ తేదీన 50 కోట్ల డాలర్ల సహాయ చట్టము వచ్చెను. మే 22 వ తేదీన హాప్కిన్సు, అంతకు మున్ను పొందుచుండిన జీతముకన్న తక్కువ జీతమునకు, వాషింగ్టనులో నా పని స్వీకరించెను. ఆయనకు గది యింకను సిద్ధము కాలేదు. నడవలో నొక మేజా వేయించుకొని కూర్చుండి, మొదటి రెండు గంటలలో 50 లక్షల డాలర్లు రాష్ట్రములకు మంజూరు చేసెను. ధన మెగిరిపోవుచున్నదని పత్రికలు పరిహసించినవి. ఆయన లక్ష్యపెట్టలేదు. ఆ ధనమును ప్రభుత్వాధికారులే పంచవలెను గాని ప్రయివేటు ధర్మసంఘముల చేతి కీయరాదని మొట్టమొదటి నిబంధన చేసెను. దాతయొక్క యిష్టాయిష్టములపై నాధారపడినది సాయమేగాని హక్కు గాదని యాయనకు తెలియును.

కాగితములమీద వచ్చు లెక్కలను మాత్రమే యాయన నమ్మలేదు. లొరీనా హికాకు అను పత్రికా విలేఖరిని దేశమంతట తిరిగి, చూచినది చూచినట్లు వ్రాయుమని పంపెను. ఆమె బొగ్గు గనుల లోయలలోను, అనావృష్టిచే నెండిన ఉత్తరపు మైదానములలోను తిరిగి, గుడారములలో గాపురము చేయు కుటుంబములను గూర్చియు, చలికి తగు బట్టలు లేని రైతులను గూర్చియు జాబులు వ్రాసెను. సాయము కోరువాడు కార్యాలయము ముందు వరుసలో నిలువవలెను. తన యింటి పెట్టెలోని వస్తువులను లెక్క చెప్పవలెను. సొమ్ము బదులు సరకుల చీటీ పుచ్చుకొనవలెను. ఉన్నతోద్యోగములు చేసి చెడినవారు ఈ యవమానమునకు జంకి యాకలితో నింట కూర్చుండిరి. ఆకలి తీర్చుటయందు మాత్రమే దృష్టి యుంచిన ప్రభుత్వము మనుష్యుని పరువును తీసివేయుచున్నదని హాప్కిన్సు గ్రహించెను.

ఈ సందర్భమున మన దేశపు కథ యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1876 మొదలు 1878 వఱకు మద్రాసు రాజధానిని దహించిన ధాతు కఱవున బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి నష్టపడినవి. ప్రభుత్వము కఱవు పనులు పెట్టెను. మద్రాసు నగరమున అడయారు, కూవము నదులను కలుపు బకింగుహాము కాలువ భాగ మప్పటి కూలివారి కష్టార్జితమే. కాని వ్యయము తగ్గించుటకై కలకత్తా ప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపులు 1877లో దినకూలిని ఒక పౌను ధాన్యమునకును, కొలది చిల్లరకును తగ్గించెను. దూరముగా నున్న శిబిరములకు వచ్చినవారికే పని యని నియమించుటయు నా కాలపు పద్ధతియే. నిజముగా నాకలిగొన్నవాడే వచ్చునని దాని యుద్దేశము. ఆ కూలితో మనుష్యుడు ప్రాణము నిలుపుకొనజాలడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు తీవ్రముగా వాదించెను. పని పెట్టుటయే చాలదు, ఏ బుద్ధితో పెట్టుచున్నా మన్నది ముఖ్యము. టెంపులు పనిని పరీక్షగా పెట్టెను. హాప్కిన్సు పనిని గౌరవముగా పెట్టదలచెను.

1933 శరత్కాలమున చలి సమీపించుచుండెను. అప్పటికే 330 కోట్ల డాలర్లతో నిర్మాణశాఖ యొకటి యేర్పడి, హెరాల్డు ఐకిసు అను మంత్రి చేతిలో నుండెను. ఐకిసు నిజాయితీపరుడు, ప్రతి పటమును, ప్రతి ఒప్పందమును తానే పరిశీలించువాడు. అందువలన ఆనకట్టలు, వంతెనలు దృఢముగా వచ్చుచుండెను గాని పని ప్రారంభమగుటకే నెలలు పట్టుచుండెను. శీతకాల మంతవఱకు వేచియుండదు. హాప్కిన్సు అధ్యక్షునితో మాటాడి, ఆ శాఖ నిధినుండి 40 కోట్ల డాలర్లు తీసికొని, నవంబరు 9 వ తేదీన పౌర నిర్మాణ సంస్థను స్థాపించెను. 1934 జనవరి నడుమకు 42 లక్షల మంది దానిలో పనిచేయుచుండిరి. వీరిలో సగము మంది సాయపు పట్టికలనుండి వచ్చినవారు. తక్కిన సగము మందిని వారి యింటి గుట్టు విచారింపకయే తీసికొనిరి. పనిలేదన్నదే యర్హత.

వారు చేసిన పని యేమి? పల్లె బాటలకు రాయి వేసిరి, మురుగు కాలువలు త్రవ్విరి, పాఠశాలల కప్పులు బాగుచేసిరి, ఆటస్థలములును విమానములు దిగు మైదానములును చదును చేసిరి. జీతములు లేక మూతబడ నున్న పల్లె బడులను నిలుపుటకై 50 వేల మంది ఉపాధ్యాయులకు జీతము లిచ్చిరి. జీతపు చెక్కులను త్వరగా వ్రాయుటకు మాజీ సైనికుల శాఖయొక్క యంత్రాంగమును వాడుకొనిరి. క్రొత్త కార్యాలయములు కట్టుచు కూర్చుండక ఉన్నవానిని పనికి పెట్టుటయే యా వేగమునకు రహస్యము. పొరపాట్లు లేకపోలేదు. కొన్నిచోట్ల పలుగులు చాలలేదు, కొన్నిచోట్ల పనియే చాలలేదు, మఱికొన్నిచోట్ల స్థానిక నాయకులు తమవారినే చేర్చుకొనిరి. అట్టివి బయటపడినప్పుడు హాప్కిన్సు కప్పిపుచ్చక విచారణ జరిపించెను.

అభ్యంతరము లెక్కడనుండి వచ్చినవో భూస్వాములగు మన పాఠకులు గమనింపవలెను. దక్షిణ రాష్ట్రముల ప్రత్తి భూముల యజమానులు, ప్రభుత్వపు పనిలో గంటకు 40 సెంట్లు వచ్చుచుండగా తమ పొలములకు కూలివారు రాకున్నారని మొఱపెట్టిరి. జార్జియా గవర్నరు టాల్మడ్జి వారి పక్షమున నధ్యక్షునికే వ్రాసెను. వారి మాటలో కొంత నిజము గలదు. కోతవేళ కూలి దొరకక పంట నేలరాలుట చిన్న కష్టము గాదు. కాని ప్రభుత్వము గౌరవప్రదమైన కూలి యిచ్చినంతమాత్రమున పొలము విడిచిపోయినవాడు, అంతకుముందు ఎంత కూలికి పనిచేయుచుండెనో విచారించితిమా? వేఱొక దిక్కు లేకపోవుటవలననే తక్కువ కూలికి వచ్చినవాడు స్వేచ్ఛగా వచ్చినవాడు గాడు. తరువాతి సంవత్సరములలో కొన్ని ప్రాంతములందు ప్రత్తి తీతవేళ ప్రభుత్వపు పనులను నిలిపివేసిరి. దానివలన యజమానులకు సౌకర్యమైనది. కూలివానికి బేరమాడు శక్తి పోయినది.

ఈ సంస్థ యొక్క శీతకాలమే బ్రదికెను. వ్యయము పెరుగుచున్నదనియు, ప్రజలు దీనికి శాశ్వతముగా నలవాటుపడుదురనియు భయపడి రూజ్వెల్టు 1934 మార్చి చివరకు దానిని మూయించెను. హాప్కిన్సు లోలోపల వగచినను ఆజ్ఞను శిరసావహించెను. నాలుగు నెలలలో కట్టిన మేడ నాలుగు వారములలో కూలినది. చట్టము లేని సౌకర్యము పాలకుని చిత్తముమీద నిలిచియుండునని యిచట మొదటిమాఱు తేలినది.

రెండవమాఱు కొలది నెలలకే తేలెను. 1934 జూనులో ప్రజల ఆర్థిక భద్రతను గుఱించి విచారించుటకు కార్మికమంత్రి ఫ్రాన్సిసు పెర్కిన్సు అధ్యక్షతన నొక సంఘ మేర్పడెను. హాప్కిన్సు అందులో సభ్యుడు. వృద్ధులకు పింఛను, పని పోయినవారికి భీమా ఎంత యవసరమో, పనిచేయగలవానికి పని దొరకునను భరోసా యంతకన్న నవసరమని యాయన పక్షము. 1935 జనవరిలో ఆ సంఘ మిచ్చిన నివేదికలో నా భరోసాకు తగు స్థానము లభించెను. కాని ఆగస్టు 14 వ తేదీన శాసనమైన సాంఘిక భద్రతా చట్టమున పింఛను గలదు, భీమా గలదు, పని భరోసా మాత్రము లేదు. అది యేటేట మంజూరు కావలసిన వేఱొక పద్దుగా నిలిచిపోయెను.

ఆ పద్దునకు 1935 ఏప్రిలులో కాంగ్రెసు సభ 488 కోట్ల డాలర్లు మంజూరు చేసెను. మే 6 వ తేదీన హాప్కిన్సు నేతృత్వమున పనుల నిర్వహణ సంస్థ పుట్టెను. ఎనిమిదేండ్లలో 85 లక్షల మంది స్త్రీపురుషులు దానిలో పనిచేసిరి. వారు వేసిన, బాగుచేసిన బాటలు 6 లక్షల 50 వేల మైళ్లు. కట్టిన, మరమ్మతు చేసిన ప్రజాభవనములు 1 లక్ష 25 వేలు. వంతెనలు 75 వేలకు పైగా. న్యూయార్కులోని లాగార్డియా విమానాశ్రయ మా సంస్థ చేతిపనియే. ప్రారంభమున జీతములు ప్రాంతమును బట్టియు, నైపుణ్యమును బట్టియు నెలకు 19 మొదలు 94 డాలర్ల వఱకు నుండెను. ధనములో నత్యధికభాగము యంత్రములకును, సామానునకును గాక మనుష్యుల కూలికి చేరవలెనని హాప్కిన్సు పట్టుపట్టెను. ఈ విషయమున నాయనకును ఐకిసునకును కలహ మెన్నటికిని తీరలేదు. ఇద్దరిలోను న్యాయము గలదని మేము తలచుచున్నాము. ఆనకట్ట తరములకు నీరిచ్చును. కాని నేటి పొయ్యిని వెలిగింపజాలదు. దేశమున కీ రెండును వలయును. ఒకదాని ధనముతో రెండవదానిని నడుపవలసి వచ్చుటయే లోపము.

పట్టణవాసులగు పాఠకులకు ముఖ్యమైన సంగతి యొకటి గలదు. చదువుకొన్నవాని చేతికి పార యిచ్చుటతో హాప్కిన్సు తృప్తిపడలేదు. నటులును, చిత్రకారులును, గాయకులును, రచయితలును అందఱివలెనే యాకలిగొందురని చెప్పి, వారికి వారి విద్యలోనే పని కల్పించెను. గ్రిన్నెలు కళాశాలలోనే చదివిన హాలీ ఫ్లానగను నాటకశాఖను నడిపెను. రచయితలు ప్రతి రాష్ట్రమునకు మార్గదర్శక గ్రంథములు వ్రాసిరి. పూర్వము బానిసలుగా నుండి యప్పటికింకను బ్రదికియున్న రెండువేల మందికి పైగా వృద్ధుల జీవితకథలను సేకరించిరి. ఆ పని యప్పుడు జరుగకపోయినచో నా కథలు వారితోనే యంతరించియుండెడివి. కెంటకీ కొండలలో స్త్రీలు గుఱ్ఱములమీద గ్రంథములు మోసికొనిపోయి గుడిసె గుడిసెకు చదువ నిచ్చిరి. తరువాత ప్రఖ్యాతులైన రిచర్డు రైటు, రాల్ఫు ఎలిసను, సాలు బెల్లో వంటి రచయితలును, జాక్సను పోలకు వంటి చిత్రకారులును యౌవనమున నీ సంస్థ కూలితో బ్రదికినవారే.

లోపములను దాచుట జీవితకథ వ్రాయువానికి ధర్మము గాదు. ఏ నాడును నిరుద్యోగులందఱికి నా సంస్థ పని చూపలేకపోయెను. సుమారు మూడవవంతు మందికే చాలెను. ఇంటికొక్కరికే పని యను నియమమువలన స్త్రీలలో పలువురు మిగిలిపోయిరి. దొరికినవారికి తఱచుగా కుట్టుపని గదులే గతియయ్యెను. వర్ణభేదము చూపరాదని శాసించినను దక్షిణ రాష్ట్రములలో స్థానికాధికారులు నీగ్రోలకు తక్కువ కూలి పనులే యిచ్చిరి. 1938 ఎన్నికలలో కెంటకీ మొదలగుచోట్ల సంస్థాధికారులు కూలివారి వోట్లపై నొత్తిడి తెచ్చిరని సెనేటు సభ విచారించి కనుగొనెను. 1939లో హాచ్ చట్టము వచ్చుట కిదియే కారణము. పని యిచ్చు చేయి వోటు నడుగరాదను నీతి ప్రతి ప్రభుత్వమునకు నవసరము.

అన్నిటికన్న పెద్ద లోపము హాప్కిన్సుది గాదు, ఏర్పాటుది. 1937లో దేశము కోలుకొన్నదని తలచి, ఆదాయవ్యయములు సరిపెట్టుటకై రూజ్వెల్టు ఈ పద్దును తెగగోసెను. లక్షలమంది పనినుండి తొలగింపబడిరి. ఇతర కారణములును తోడై, ఆ యేడే మఱల మాంద్యము వచ్చిపడెను. 1938లో తిరిగి ధనము పోయవలసివచ్చి, నవంబరు నాటికి 33 లక్షల మందిని పనిలో పెట్టిరి. వాన రాగానే గొడుగు నమ్ముకొని, మఱల వానలో దానిని కొనుటకు పరుగెత్తిన చందమైనది.

ఆ సంవత్సరములు హాప్కిన్సునకు స్వంత జీవితమునను విషమములే. మొదటి వివాహము విచ్ఛిన్నమైన పిదప 1931లో పెండ్లాడిన బార్బరా డంకను 1937లో క్యాన్సరు వ్యాధిచే మరణించెను. ఆ సంవత్సరాంతముననే యాయన జీర్ణకోశమున క్యాన్సరు లేచి, శస్త్రచికిత్సలో చాలభాగమును కోసివేసిరి. 1938 డిసెంబరులో వాణిజ్యమంత్రి యయ్యెను గాని రోగము విడువక 1940లో రాజీనామా యిచ్చెను. ఆ మేనెలలో నొక రాత్రి అధ్యక్షభవనమున భోజనమునకు వెళ్లి, ఒడలు బాగులేక యచటనే నిలిచి, మూడేండ్లకు పైగా నా భవనముననే నివసించెను. 1941లో లండనునకును, మాస్కోకును ప్రయాణములు చేసి, మిత్రరాజ్యములకు యుద్ధసామగ్రి యందించు నేర్పాటునకు ప్రాణమై నిలిచెను. 1944లో కనిష్ఠపుత్రులలో నొకడైన స్టీఫెను పదునెనిమిదేండ్ల వయసున పసిఫిక్కు యుద్ధమున మడిసెను. వందలకోట్ల డాలర్లు చేతులమీదుగా నడిపిన హాప్కిన్సు తనకై యేమియు కూడబెట్టుకొనక 1946 జనవరి 29 వ తేదీన న్యూయార్కులో మరణించెను. వయస్సు 55 సంవత్సరములు.

ఆయన సంస్థ ఆయనకు ముందే పోయినది. యుద్ధపరిశ్రమలు అందఱికి పని కల్పింపగా 1943లో దానిని ముగించిరి. 1944లో రూజ్వెల్టు పనిని పౌరుల ఆర్థిక హక్కులలో మొదటిదిగా పేర్కొనెను. కాని హాప్కిన్సు మరణించిన మూడు వారములకు, 1946 ఫిబ్రవరి 20 వ తేదీన వచ్చిన ఉద్యోగ చట్టమున ఆ హక్కు లేదు. నిరుద్యోగమును తగ్గించుటకు ప్రభుత్వము పాటుపడవలెనను సంకల్పమును, ఆర్థిక సలహాదారుల మండలియు మాత్రమే మిగిలినవి.

ఆ దేశము చేయని పనికి మన దేశము పూనుకొన్నది. మహారాష్ట్ర 1972 నాటి యనావృష్టి కాలమున ఉపాధి హామీ పథకమును విస్తరింపజేసి, 1977లో చట్టము చేసెను. 2005లో పార్లమెంటు గ్రామీణ కుటుంబమునకు ఏటికి 100 దినముల పనిని హక్కుగా శాసించెను. అడిగిన 15 దినములలో పని చూపనిచో భృతి యీయవలెనని యందులో వ్రాసిరి. 2006 ఫిబ్రవరి 2 వ తేదీన దానిని ప్రారంభించుటకు ఎన్నుకొన్నది అనంతపురము జిల్లాలోని బండ్లపల్లి గ్రామము. నాటి ధాతు కఱవు కాల్చిన నేలయే యది. 2025 డిసెంబరులో ఆ చట్టమునకు బదులు వేఱొక చట్టము వచ్చెను. దినములు 125 అయినవి. వ్యయములో రాష్ట్రముల భాగము పెరిగినది. విత్తు వేళలను, కోత వేళలను కొంతకాలము పనులు నిలుపుటకు వీలు కల్పింపబడినది. జార్జియా ప్రత్తి రైతుల వాదము మన దేశముననూ శాసనమున స్థానము పొందినదని దీనివలన తెలియుచున్నది.

అది మేలో కీడో కాలము తేల్చును. కాని హాప్కిన్సు జీవితమునుండి మూడు విషయములు మాకు స్పష్టముగా తోచుచున్నవి. ప్రభుత్వము తలచినచో పనిని వారములలో చూపవచ్చును. ఆలస్యమునకు చెప్పు కారణములలో పెక్కు సాకులు. పనిని శిక్షగా గాక గౌరవముగా పెట్టినప్పుడే యది మనుష్యుని నిలుపును. ఏటేట బేరమాడవలసిన పద్దుపై నిలిచిన పని, అవసరము తీరకమునుపే తెగిపోవును.

గ్రామమున పెద్దలైన మన పాఠకుల కొక మనవి చేసి విరమింతుము. చట్టము మాఱవచ్చును గాని మస్టరు మాఱదు. చేయని పనికి పేర్లెక్కుచున్నవా, చేసిన పనికి కూలి నెలలకొలది నిలిచిపోవుచున్నదా, త్రవ్విన చెఱువులో నీరు నిలుచునా యను విషయములు ఢిల్లీకి గాని, రాష్ట్ర రాజధానులకు గాని కనబడవు. ఊరిలో నున్నవారికి కనబడును. 2006 మొదలు ఆంధ్రప్రదేశమున సాంఘిక తనిఖీల పేర గ్రామసభలలో మస్టర్లను బిగ్గరగా చదివి వినిపించు నాచారము ప్రారంభమైనది. ఆ సభకు కూలివారు వత్తురు. పొలముగలవారు తఱచుగా రారు. తమకు కూలి దొరకలేదని రచ్చబండపై వగచుటకన్న ఆ సభలో కూర్చుండి, తమ చెఱువు పూడిక తీసినవానికి కూలి ముట్టినదా యని యొక్కమాఱడిగినచో, వానికిని మేలు, చెఱువునకును మేలు. మఱునాడు కోతకు వాడు వచ్చుటకును అదియే మేలైన పిలుపు.